సేటును పట్టుకునే ఆట

ఆటలు సరదా కోసం చేస్తారని అందరూ అంటారు. నేను నా మొదటి ఆటను పగతో చేశాను. ఫోన్‌లో ఆడుకునే చిన్న ఆట. అందులో ఒక సేటు ఉంటాడు, అతన్ని పట్టుకోవాలి, అంతే. ఆ సేటు నిజంగా ఉన్నాడు. భివండీ అనే మరమగ్గాల ఊళ్లో, నార్పోలి వాడలో, ఇప్పటికీ పొద్దున్నే తన కార్ఖానా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మా బాపు అతని దగ్గర ఇరవై ఏళ్లకు పైగా మరమగ్గాలు నడిపాడు. మావాళ్లు వాటిని సాంచెలంటారు. ఒక్క మనిషి నాలుగు సాంచెలు చూసుకోవాలి.

సేటు పరాయివాడేమీ కాదు. మా కులంవాడే, మాలాగే మా జిల్లా నుంచి వలస వచ్చినవాడే. బాపును ‘బావా’ అని నోరారా పిలిచేవాడు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర.

మా నేతవాళ్ల మూలపురుషుడు మార్కండేయుడి జయంతి రోజు మా వాడల్లో సాంచెలన్నీ ఆగిపోతాయి. ఊరేగింపు అయ్యాక సంఘం హాల్లో సేట్లు తమ దగ్గర బాగా పనిచేసినవాళ్లను పిలిచి శాలువా కప్పుతారు. నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు సేటు మైకులో బాపును పిలిచాడు. అమ్మ నా భుజం తట్టి “సూడు, సూడు” అంది. బాపు తడిచేత్తో జుట్టు సర్దుకుని మెట్లెక్కాడు. సేటు అతని భుజాల మీద కప్పింది పాడైపోయిన గుడ్డ. ముందు వారం బాపు సాంచె మీద నేసిందే. పాత సాంచెలు పోగు తెగినా ఆగవు, నేస్తూనే పోతాయి. మనిషి చూసి ఆపి ముడి వేయకపోతే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. ఆ గుడ్డకు అట్లాగే పడింది.

“మా బావ నేసిన పట్టుశాలువ! సూడుండ్రి, ఎంత సక్కగ గీత గీసిండో!” అన్నాడు సేటు.

హాలంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు. అందరికీ చేతులు జోడించి, ఆ గుడ్డ కప్పుకునే కిందికి దిగి వచ్చాడు. ఆ నవ్వు చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. ఇంటికి వచ్చాక సేటు కళ్లు పీకేస్తానన్నాను. “కందకు లేని దురద కత్తిపీటకెందుకే? మీ బాపే ఊకున్నడు,” అంది అమ్మ. కంద ఊరుకుంది కాబట్టే కత్తిపీట ఊరుకోకూడదని నేను అప్పుడే తేల్చుకున్నాను.

చదువయ్యాక ఠాణేలో ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. అక్కడ మా పెద్దసారు మొదటి రోజే ఒక సంగతి చెప్పాడు. ఆడేవాడికి ఒక కోరిక పుట్టించాలి, దాన్ని చేతికి అందేటంత దగ్గర పెట్టాలి, అందకుండా చేయాలి. అప్పుడు వాడు తిండి మానేసి ఆడతాడు. నాకు ఆ పాఠం కొత్తేమీ కాదు. పదేళ్లుగా నా కోరిక నార్పోలిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

సొంతంగా ఒక ఆట చేసి చూపించమన్నప్పుడు నేను సేటును చేశాను. అతని పొట్ట, రంగేసిన మీసం, చెప్పులు ఈడ్చే నడక, ఒక్కటీ వదల్లేదు. ఆట ఇంతే. ఆడేవాడు నేతగాడు. నాలుగు సాంచెలు నడుస్తుంటాయి. సేటు ఈ తలుపు నుంచి వచ్చి, తిట్టుకుంటూ, ఆ తలుపు నుంచి వెళ్లిపోతాడు. వెళ్లేలోపు పరుగెత్తి పట్టుకుని, అందరి ముందూ అతని మీద గీతపడ్డ గుడ్డ కప్పాలి. మధ్యమధ్యలో సాంచెల మీద పోగులు తెగుతాయి. నిజంగా ఉన్నట్టు కనపడాలని పెట్టాను తప్ప వాటితో పనేమీ లేదు. వేలితో రెండు కొసలూ పట్టి మెలితిప్పితే ముడి పడుతుంది. ఆ మెలిక బాపు చేతుల నుంచి తీసుకున్నదే.

ఆఫీసులో నా తోటివాళ్లు రెండు నిమిషాల్లో సేటును పట్టుకున్నారు. గుడ్డ కప్పారు, నవ్వారు, ఫోన్ పక్కన పడేశారు. నాకు చప్పగా అనిపించింది. వీళ్లకేం తెలుసు, మావాళ్లు ఆడితే తెలుస్తుంది అనుకుని, సెలవు రోజు ఫోన్ పట్టుకుని భివండీలో మావాళ్లుండే కామత్‌ఘర్ వచ్చాను. బాపుతో పనిచేసినవాళ్లు నలుగురు ఒకే ఖోలీలో, చిన్న గదిలో, ఉంటారు. అందరూ సేటు చేతిలో మాటలు పడ్డవాళ్లే. చూడగానే గుర్తుపట్టి పడీపడీ నవ్వారు. ఇక చూస్కో, ఉతికి ఆరేస్తారనుకున్నాను.

అందరికన్నా పెద్దాయన ఫోన్ తీసుకున్నాడు. సేటు లోపలికి వచ్చాడు. ఆయన వేలు సేటు వైపు కదిలింది. అంతలో మూడో సాంచె మీద పోగు తెగింది. వేలు అటు తిరిగింది.

“కాకా, వాడు పోతుండు! పట్టుకో!” అని అరిచాను.

“ఆగు బిడ్డా, పోగు తెగింది.”

“తెగనీ! అది ఉత్తుత్తిదే!”

“ఉత్తదైతేంది? గుడ్డ ఖరాబైతది. వాడు యాడికి పోతడు, రేపు మల్ల రాడా?”

సేటు మీసం దువ్వుకుంటూ ఆ తలుపు నుంచి వెళ్లిపోయాడు. తర్వాత ఆడిన ముగ్గురూ అంతే. పోగు తెగడం కనపడితే చాలు, కళ్లముందు పగవాడున్నా వదిలేసి ముడికి పోయారు. మధ్యాహ్నం దాకా ఫోన్ కింద పెట్టలేదు. ఒక్క గీత లేకుండా గుడ్డ దింపినందుకు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. మా పెద్దసారు చూస్తే ఆటలో మునిగిపోవడమంటే ఇదీ అని ఎగిరి గంతేసేవాడు. నేను మాత్రం ఉడికిపోయాను. వీళ్ల చేతులే వీళ్లకు శత్రువులు.

తిరిగి ఠాణే వెళ్లేసరికి నాకు దారి దొరికింది. ఆడేవాణ్ణి మార్చేశాను. ఇప్పుడు ఆడేవాడే సేటు. పనివాళ్లెవరూ రాలేదు, నాలుగు సాంచెలూ తనొక్కడే నడపాలి. ముడి ఎట్లా వేయాలో చెప్పే బొమ్మ తీసేశాను. నేతగాడికి చెప్పక్కర్లేదు, సేటుకు చెప్పను. ముడి పడితే గీత చెరిగిపోతుంది, గుడ్డ దిగేసరికి గీత మిగిలితే అదే గుడ్డ వచ్చి ఆడేవాడి బొమ్మ మీద పడుతుంది. కుక్కకాటుకు చెప్పుదెబ్బ.

ఈసారి జయంతికి సంఘంవాళ్లు నన్ను పిలిచారు. మన పిల్ల ఆటలు చేస్తుందట, పెద్ద తెర మీద చూపించమన్నారు. మొదట ఎవరు ఆడతారని అడిగితే నేను మైకులో సేటును పిలిచాను. చాలా మర్యాదగా పిలిచాను. అతను పొంగిపోయి వచ్చాడు.

మొదటి పోగు తెగింది. సేటు నేనిచ్చిన ఫోన్ మీద వేలితో పొడిచాడు. రెండోది తెగింది. “అరే, గిదేంది? ఎట్ల కట్టాలె?” అన్నాడు. నేను వినపడనట్టు నిలబడ్డాను. ముందు వరుసలో ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. మూడోది, నాలుగోది. తెర మీద గీతలు బారెడు పొడుగు సాగాయి. “ఇంత పెద్ద సేటుకు ముడేసుడు రాదా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలు గొల్లుమంది. సేటు చెవులు ఎర్రబడ్డాయి. నా జన్మకు అంత తీపి ఎన్నడూ తగల్లేదు. ఇంకో నిమిషం, గుడ్డ దిగి అతని మీద పడుతుంది.

అప్పుడు బాపు లేచాడు. గబగబా మెట్లెక్కి, “జరుగు బావా,” అని ఫోన్ లాక్కున్నాడు. నాలుగు ముళ్లు వేశాడు. గీతలు పోయాయి, గుడ్డ శుభ్రంగా దిగింది. జనం చప్పట్లు కొట్టారు. సేటు బాపు భుజం మీద చెయ్యి వేసి, “మా బావ ఉండంగ నాకేంది!” అని నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. అదే నవ్వు.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో నేను మాట్లాడలేదు. సాంచెల మోతకు బాపు చెవులు ఎప్పుడో మందగించాయి, ఎవరు మాట్లాడినా పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. నేను నోరు విప్పుతానేమోనని నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆపుకోలేకపోయాను.

“ఎందుకు లేచినవ్ బాపూ? వాని పరువు పోతుంటే నీకేంది?”

“పోగులు తెగి కనవడుతున్నయి బిడ్డా. సూసుకుంట ఎట్ల కూసుంట?”

బాధపెట్టాలనే అడిగాను. “గట్లయితే ఆ ఏడు నీ గుడ్డల గీతెట్ల వడ్డది? అప్పుడు సూడలేదా?”

“సూసిన. తెగంగనే సూసిన.”

“మరి?”

“నువ్వు అన్నం డబ్బా తెచ్చినవు. ఎవరింట్లనో వీడియో గేమ్ ఆడొచ్చి దాని కథ చెప్తున్నవు. కార్ఖానల నీ మాట ఇనాలంటే నీ మూతి దిక్కే సూడాలె. కథ మంచిగ నడిమిట్ల ఉన్నది. పోతే పోనీ గుడ్డ అనుకున్న.”

“ఆ మాట సేటుకు చెప్పకపోయినవా?”

“చెప్తే నిన్ను మల్ల కార్ఖానల అడుగు వెట్టనిస్తుండెనా?”

ఆ జయంతి తర్వాత ఇంకా నాలుగేళ్లు నేను రోజూ డబ్బా తీసుకుని కార్ఖానాకు వెళ్లాను. రోజూ ఒక కథ చెప్పాను. ఎక్కడ ఆపితే బాపు ముద్ద నోటి దగ్గర ఆగిపోతుందో, ఎక్కడ సాగదీస్తే అతని చూపు సాంచెల మీదికి పోతుందో అక్కడే నేర్చుకున్నాను. ఆటోలో ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు వెక్కివెక్కి ఏడ్చాను. సేటును మాత్రం క్షమించలేదు, క్షమించను కూడా. ఆ రోజు నవ్వుతూ మెట్లు దిగినందుకు బాపు మీద పెట్టుకున్న కోపం పోయింది. అది ఇన్నేళ్లూ సేటు మీద ఉన్నదానికన్నా పెద్దదని అప్పటిదాకా నాకే తెలియదు.