దిమ్మలో గోడవైపు మూల

ఈ మాట కడుపులో దాచుకుని ఇన్నేళ్లు తిరిగాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

భోగాపురం దగ్గర, రోడ్డు పక్కన మాది టిఫిను హోటలు. విమానాశ్రయం వస్తుందని కబుర్లు మొదలై, జనం రాకపోకలు పెరిగాయి. మా ఆయన పెద్ద ఇనప కట్టెల పొయ్యి కొన్నాడు. చాలా బరువు. నేల కుంగకుండా దాని కింద దిమ్మ కట్టమని దానియేలు మేస్త్రికి చెప్పాం. ఆ రోజుల్లోనే వాళ్ల చర్చికి ప్రహరీ కూడా ఆయనే కడుతున్నాడు.

నాకు అనుమానం పుట్టింది. నా బుద్ధే అంత. బియ్యం తూచేవాడి వేళ్లు చూస్తాను, పాలలో నీళ్లు వెతుకుతాను. మా సిమెంటు చర్చి గోడకి పోతోందని, దిమ్మ లోపల రాళ్లకి బదులు ఇసక పోసి పైపైన పూత పూస్తున్నాడని నాలో నేనే తేల్చేసుకుని, కుళాయి దగ్గర నలుగురితో అనేశాను కూడా. చూశానా? లేదు. అందుకే చూడాలనుకున్నాను. మేస్త్రి అన్నానికి వెళ్లగానే, ఇంకా పచ్చిగా ఉన్న దిమ్మని గోడవైపు మూల గునపంతో పెళ్లగించాను.

లోపల అన్నీ రాళ్లే. సందు లేకుండా బిగించి ఉన్నాయి. సిగ్గేసింది. తిరిగి పెట్టబోతే అవి కుదురుకోలేదు. రాళ్లు పెరట్లో పారేసి, బూడిద, మట్టి కలిపి ఆ గొయ్యిలో కూరి, ఆయన కలిపి ఉంచిన సిమెంటు పైన మెత్తేశాను. ఆయన వచ్చేసరికి ఉల్లిపాయలు తరుగుతున్నాను.

పొయ్యి ఎక్కించి పాలు పొంగించాం. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక పొద్దున ఆ మూల కుంగిపోయింది. పొయ్యి ఒరిగి, మరుగుతున్న సాంబారు మా తోటికోడలు గౌరి కాళ్ల మీద పడింది. ఇప్పటికీ ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది.

మేస్త్రి సిమెంటు మింగేశాడని ఊరంతా తిట్టింది. నా మాటే ఊరంతా తిరిగింది. ఆయన వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ మూల తడిమి చూశాడు. చేతికి బూడిద అంటింది.

"సెల్లీ, నాను రాళ్లు కూరినాను. ఈ బూడిదెక్కడిది? నీకేటైనా తెలుసేటి?"

"నాకేటి తెలుస్తాదన్నయ్యా?"

నన్ను చూస్తూనే చేతి బూడిద పంచెకి తుడుచుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎవరూ ఆయన్ని పనికి పిలవలేదు. తాపీ వదిలేసి నౌపడ వెళ్లి, ఉప్పు మడుల్లో కూలి చేస్తున్నాడని విన్నాను.

ఆయనకి తెలుసా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు? తన మాట ఎవరూ నమ్మరనుకున్నాడా, లేక ఎప్పటికైనా నా నోటితో నేనే చెబుతానని చూశాడా? గౌరి కాస్త ఎక్కువసేపు నా వైపు చూస్తే చాలు, దీనికీ తెలిసిపోయిందేమోనని బెదురు. తిన్నావా అని ఎవరైనా అడిగినా, ఎందుకడిగారా అని ఆలోచిస్తాను.

ఇప్పుడు హోటల్లో గ్యాసు పొయ్యి. దిమ్మ మాత్రం అలాగే ఉంది. కాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని గౌరి దాని మీదే కూర్చుని కూరలు తరుగుతుంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. దానియేలు మేస్త్రి రాళ్లే కూరాడు. తవ్వింది నేను.