బతిమాలే బటన్

మహజబీన్‌కు చిరాకు పుట్టించాలంటే మార్కాపురంలో ఎవరూ పెద్దగా కష్టపడనక్కర్లేదు. దుకాణంలోకి వచ్చి పలక ఉందా అని అడిగి, ఉందనగానే ఎంత తగ్గిస్తావంటే చాలు. కానీ ఆ వేసవిలో నరేంద్ర పుట్టించిన చిరాకు ముందు పలకల బేరాలన్నీ దిగదుడుపే.

తర్లుపాడు రోడ్డులో ఆమెది చిన్న స్టేషనరీ దుకాణం. వాళ్ళ నాయన ఇమాం సాహెబ్ పలకల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి రాయి కోసి, ఆయాసంతో ఇంటిపట్టున కూర్చున్నాక సంసారం ఆమె మీదే నడుస్తోంది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళను ఆమె ఎట్లా సాగనంపుతుందో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఇంత నోరున్న మనిషికీ ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి గొంతు మారిపోతుంది. షట్టరు సగానికి దించి, వెనక గదిలో చాప పరిచి, కథ మొదలుపెడుతుంది.

కథంటే ఊరికే వినే కథ కాదు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒక హైదరాబాదు పిల్ల నేర్పిన ఆట అది. ఒకరు కథ చెప్పాలి, మిగిలినవాళ్ళు అందులో తలా ఒక మనిషి అయిపోవాలి. మాయలు తెలిసినవాడో, దొంగో, కత్తి పట్టినవాడో, ఎవరి వేషం వాళ్ళిష్టం. "ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తావు?" అని కథ చెప్పే మనిషి అడుగుతుంది. ఏం చేస్తారో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తే, పడిన అంకెను బట్టి పని అయ్యిందో చెడిందో తేలుతుంది. ఆ హైదరాబాదు పిల్ల దగ్గర లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలుండేవి. మహజబీన్ వాటిలో ఒక్కటీ తెచ్చుకోలేదు. మార్కాపురం చేరేసరికి వాటిలోని రెక్కల డ్రాగన్ కాస్తా నల్లమల ఎలుగుబంటి అయి కూర్చుంది. ఆటలోని మనుషుల వివరాలు మూల విరిగి అమ్ముడుపోని పలకల మీదకెక్కాయి. మనిషి చచ్చిపోతే తడిగుడ్డతో పలక తుడిచెయ్యాలి. తుడిచాక ఇక అంతే సంగతులు.

అందుకే చావు దగ్గరపడితే బతిమాలడం మొదలయ్యేది. ఒక్కసారి అక్కా, కాలు జారకముందే కొమ్మ పట్టుకున్నా గదా అక్కా అని. అప్పుడు మహజబీన్ పాచికను చూసేది కాదు, అడిగేవాళ్ళ మొహం చూసేది. నాటకాలాడుతున్నారా, నిజంగానే ఆ మనిషిని పోగొట్టుకోలేకపోతున్నారా అన్నది అక్కడ తెలిసిపోయేది. నిజమైతే ఇంకోసారి వెయ్యనిచ్చేది, నాటకమైతే గుడ్డ తడిపి చేతికిచ్చేది.

బతిమాలడంలో నాగజ్యోతిని మించినవాళ్ళు లేరు. అర్ధవీడు దగ్గర గొర్రెలున్న ఇంటి పిల్ల. నర్సింగ్ చదువుతూ ఒక పెన్ను కోసం దుకాణానికి వచ్చి ఆటలో ఇరుక్కుపోయింది. ఆటలో ఆమె కంబళామె. చేతిలో ఆయుధం లేదు, భుజాన కంబళి ఒకటి. దొంగలొచ్చినా దయ్యాలొచ్చినా మాటల్లో పెట్టేది. ఒకసారి రాక్షసుడికి నడుం నొప్పికి మందు చెప్పి వాడి పక్కనుంచే నడిచిపోయింది. ఇన్నేళ్ళ ఆటలో ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టలేదు.

అట్లాంటి నాగజ్యోతికి నెల్లూరు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వీడియో కాల్ పెట్టి ఒక ఆదివారం ఆడి చూశారు. ఆసుపత్రి హాస్టల్లో సిగ్నల్ అందక, నోరు తెరిచిన మొహం తెరిచినట్టే ఆగిపోయేది.

"పోనీ ఉత్త ఫోన్లో ఆడదాం అక్కా," అంది నాగజ్యోతి.

"మొహం కనపడకుండా నేనేం చెప్పేది? అది రేడియో అవుతాది గాని ఆట కాదు," అని మహజబీన్ కొట్టిపారేసింది.

ఎలుగుబంటి గుహ ముందు కథ ఆగిపోయింది. మిగిలింది లైన్‌మన్ దేవదానం, నరేంద్ర. వాళ్ళిద్దరితో ఆడుతుంటే ఆమెకు ఉప్పు లేని కూర తిన్నట్టుండేది. పిల్ల నెల్లూరులో కొత్త స్నేహాల్లో పడి తనను మరిచిపోతుందేమోనని లోలోపల భయం. ఆ మాట పైకి అనలేక అందరినీ కసురుకునేది.

నరేంద్ర బెంగళూరు కంపెనీ పనిని ఇంట్లో కూర్చుని చేసే కుర్రాడు. "అక్కా, మన ఆటను వీడియో గేమ్ చేస్తా. జ్యోతక్క నెల్లూరు నుంచే ఆడుకుంటాది," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు రోజూ తల పట్టుకుంది.

కౌంటరు మీద లాప్‌టాప్ పెట్టి మొదలుపెట్టేవాడు. "ఎలుగుబంటి బలం ఎంత అక్కా?"

"ఆకలి మీద ఉందా, కడుపు నిండి ఉందా?"

"ఏదైనా సరే, ఒక నంబరు చెప్పు."

"నంబరేందిరా, అది ఎలుగా, బస్సా?"

ఇంకోరోజు వచ్చి, కంబళామె ఎలుగుతో ఏం మాట్లాడుతుందో చెప్పమన్నాడు. "నాకేం తెలుసు? అది జ్యోతి నోట్లోంచి రావాల," అంది.

"మూడు మాటలు రాసియ్యి. అందులో ఏదో ఒకటి నొక్కుతాది."

"ఆ పిల్ల ఎప్పుడన్నా మూడు మాటలతో ఆపిందా?"

బేరానికి వచ్చినవాళ్ళు నిలబడి నిలబడి పక్క దుకాణానికి పోయేవారు. అయినా ఓర్చుకుంది. ఓర్పు నశించింది మాత్రం బటన్ దగ్గర. తెర మీద ఎర్రగా "బతిమాలు" అని రాసి ఉంది. మూడుసార్లు నొక్కితే చచ్చిన మనిషి లేచి కూర్చుంటుందట. నరేంద్ర నొక్కి చూపించి, మెచ్చుకుంటుందని ఎదురుచూశాడు.

"బటన్ నొక్కితే కదిలేదానికి నేనేమన్నా లిఫ్టునా?" అంది మహజబీన్. "తీసెయ్యి. ఇంత చవక బతిమాలుడు ఉండేదానికంటే లేకుండేదే మేలు."

తీసేశాడు. పాపం, చెప్పినమాట వినే పిల్లోడు.

గేమ్ నాగజ్యోతికి పంపిన మొదటి ఆదివారమే, అన్నాలవేళకు ఫోన్ మోగింది. "అక్కా, కంబళామె పోయింది," అంది నాగజ్యోతి. "ఎలుగుతో మాట్లాడదామని ఉన్న మూడూ నొక్కినా. మీద పడి చంపేసింది. బతిమాలదామంటే ఎక్కడా దారి లేదు. నువ్వు చెప్పక్కా, నీ మాట వింటాది గదా."

వినదు. తన నోట పుట్టిన ఎలుగుబంటి, తన మాటే వినదు. మహజబీన్‌కు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేసి నరేంద్రకు కలిపింది. వాడు గిద్దలూరులో పెళ్ళి భోజనంలో ఉన్నాడు.

"తియ్యమన్నది నువ్వే గదక్కా," అన్నాడు.

"అన్నా. ఇప్పుడు పెట్టమంటున్నా."

"లాప్‌టాప్ ఇంటికాడ ఉంది. రేపు చూద్దాంలే."

"నా బంగారు గదా, ఒక్కసారి. ఆమె చావాల్సిన మనిషి కాదురా. ఈ పొద్దే పోయి బతికియ్యి."

ఏళ్ళ తరబడి అందరి చేతా బతిమాలించుకున్న మనిషి, ఫోన్లో ఇట్లా అడుక్కోవాల్సి వచ్చినందుకు పళ్ళు నూరుకుంది. వాడు సరే, సాయంత్రానికి చేస్తానన్నాడు. నాయనకు అన్నం పెట్టి వచ్చి, ఆ శుభవార్త చెప్పడానికి నెల్లూరుకు ఫోన్ చేసింది.

"వద్దులే అక్కా," అంది నాగజ్యోతి. "ఇంకొకామెను చేసుకున్నా. ఈమె గుహ దాటేసింది."

"ఎట్ల దాటింది?"

"కత్తితో పొడిచి. అట్లయితేనే పోనిస్తాది."

మహజబీన్‌కు గుండెల్లో కలుక్కుమంది. ఎలుగు చచ్చినందుకు కాదు. ఆ పిల్ల ఆ మాటను అంత తేలిగ్గా అన్నందుకు. వీడియో పెట్టమనాలనుకుంది గాని, పెట్టినా కనపడేది ఆగిపోయిన మొహమేనని తెలుసు. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"జ్యోతీ, అక్కడ చచ్చిందెవరో నాకు తెలీదు. నా కథలో కంబళామె ఇంకా గుహ బయటనే ఉంది. పొద్దు వాలుతోంది. లోపల ఎలుగు మసలుతా ఉంది. ఏం చేస్తావు?"

అవతల చప్పుడు లేదు. ఏడుస్తోందో, నవ్వుతోందో, ఫోన్ పక్కన పడేసి పోయిందో తెలియదు.

"ఏందమ్మా ఎలుగూ," అంది చివరికి నాగజ్యోతి, అర్ధవీడులో పక్కింటామెను పలకరించినట్టు, "పిల్లలు బాగుండారా?"