శవం బాబాయికి రావలసిన నవ్వు

మా పిన్ని భర్తను అందరూ శవం అనేవాళ్ళు. అది తిట్టు కాదు, ఉద్యోగం. సినిమాల్లో శవంగా పడుకోవడమే ఆయన పని. అందులో ఆయనకు ఎదురులేదు. కాన్వెంటులో ప్రార్థన వేళ సిస్టర్లు బెత్తం పట్టుకుని కూడా మమ్మల్ని అంత కదలకుండా నిలబెట్టలేకపోయారు. బాబాయి ఊపిరి బిగబట్టి పడుకున్నాడంటే ఈగ వచ్చి ముక్కు మీద వాలి, కాసేపు చూసి, ఇక్కడెవరూ లేరనుకుని వెళ్ళిపోయేది. ఒకసారి డాక్టరు వేషం వేసిన నటుడు ఆయన నాడి పట్టుకుని, డైలాగు మరిచిపోయి, నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అసలు నాడి ఎక్కడుంటుందో తనకు తెలియదని ఆ నటుడు అంటాడు గానీ, ఆ మాట నేను పట్టించుకోను.

ఇంట్లో మాత్రం పిన్ని ఆయన్ను వెల్లకిలా పడుకోనిచ్చేది కాదు.

"ఆ పడక స్టూడియోలో పడుకోండి. ఇక్కడ పక్కకు తిరగండి" అని మోచేత్తో పొడిచేది.

వాళ్ళ పనిలో ఒక నియమం ఉండేది. శవం షాటు అయిపోగానే పడుకున్నచోటే లేచి కూర్చుని, అదే కెమెరాలోకి చూసి ఒక్కసారి నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో ఉండదు, కత్తిరించి పారేస్తారు. కానీ రీలు మీద చావు ఎక్కితే దాని వెనకే నవ్వు కూడా ఎక్కాలి. లేకపోతే ఆ చావు రీలు దిగి మనిషిని వెతుక్కుంటూ వస్తుందని వాళ్ళ భయం. బాబాయికి పని నేర్పిన ముసలి శవం ఒకరోజు టీ ఇవ్వలేదని అలిగి, నవ్వకుండా సెట్టు మీంచి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా స్టూడియో ఎదుట టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సాయంత్రం దాకా ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చేపోయేవాళ్ళంతా "అబ్బ, ఏం సాధనండీ!" అని మెచ్చుకుంటూ పోయారు. బాబాయి కూడా ఆయన పక్కనే కూర్చుని, ఆయనతో కబుర్లు చెబుతూ టీ తాగాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా బాబాయి అరచేతులు చల్లబడేవి.

అలాంటి మనిషికి పెద్ద వేషం వచ్చింది. భయం నవలలు రాసి పేరు మోసిన రచయిత ఒకాయన్ను, తన సొంత పేరుతోనే డిటెక్టివుగా నటించడానికి ఒక నిర్మాత ఒప్పించాడు. పాడుబడ్డ బంగళా, తిరిగే గబ్బిలాలు, హత్యకు గురైన బంగళా యజమాని. హంతకుణ్ణి పట్టుకోలేక పోలీసులు రచయితను పిలుస్తారు. హాలు మధ్యలో యజమాని శవపేటిక ఉంటుంది. సగం సినిమా దాని చుట్టూనే నడుస్తుంది. ఆ యజమాని బాబాయి.

రచయిత గారు పొడుగాటి మనిషి, నల్ల కోటు. పుస్తకాల్లో పేజీకొక శవాన్ని లేపిన ఆయనకు పెట్టె దగ్గరికి రమ్మంటే చెమటలు పట్టేవి.

"ఏమయ్యా, బతికే ఉన్నావా?" అని ప్రతి షాటుకు ముందూ అడిగేవారు.

"ఉన్నానండీ" అనేవాడు బాబాయి.

"మధ్యలో ఒకసారి కాస్త కదలరాదూ? నాకు ధైర్యంగా ఉంటుంది."

"కదిలితే నా అన్నం పోతుందండీ."

చివరి షాటులో డిటెక్టివు పెట్టె మీదికి వంగి, శవం చెయ్యి పట్టుకుని, "నిన్ను చంపిందెవరో నువ్వే చెప్పు" అనాలి. పొగ వదిలారు. లైట్లు తగ్గించారు. కెమెరా నడుస్తోంది. రచయిత గారు వంగారు, చెయ్యి పట్టుకున్నారు, డైలాగు సగంలో ఆగిపోయారు.

"చల్లగా ఉంది" అన్నారు. అది డైలాగు కాదు. "చల్లగా ఉంది! చచ్చిపోయాడు!"

కేక పెట్టి వెనక్కి దూకారు. కోటు తగులుకుని లైటు స్టాండు పడింది. లైటు పగిలి తెరలంటుకున్నాయి. మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ బయటికి పరుగెత్తారు. బాబాయి మాత్రం కళ్ళు తెరవలేదు. "కట్" వినపడేదాకా తెరవకూడదు. ఎవరూ ఆ మాట అనలేదు. పొగ గొంతులోకి దిగి ఇక ఆగలేక లేచి కూర్చున్నాడు. షూటింగు షెడ్డులో పురుగు కూడా లేదు. కెమెరాను కూడా మోసుకుపోయారు.

నవ్వడానికి ఎదురుగా ఏమీ లేదు.

తీసింది చాలు, ఇక షూటింగు లేదని మర్నాడు కబురొచ్చింది. గడ్డం గీసుకుంటుంటే బాబాయి ఎడమ చెయ్యి మొద్దుబారింది. రోజూ తోకాడించే వీధికుక్క ఆయన్ను చూసి గోడవారగా తప్పుకుంది. కుర్చీలో కూర్చుంటే తనకు తెలియకుండానే ఊపిరి ఆగేది. గుర్తొచ్చి గబుక్కున పీల్చుకునేవాడు. ఇన్నేళ్ళుగా ఊపిరి ఆపడమే నేర్చుకున్న ఒళ్ళు, మళ్ళీ తీసుకోవడం ఏదో ఒక పూట మరిచిపోతుంది. అప్పుడు పక్కనున్నవాళ్ళకు కూడా తెలియదు. ఆయన్ను తినేస్తున్న ఆలోచన అదే.

ఒక మధ్యాహ్నం పిన్ని వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. చేతిలో గిన్నె జారి ఇల్లంతా మోగింది. పిలిచినా ఆయన కదల్లేదు. భుజాలు పట్టుకుని కుదిపితే "ఆఁ" అన్నాడు.

"పిలిస్తే పలకరేంటండీ?"

"వినపడిందే. పలకాలని తోచలేదు."

పిన్ని కొంగుతో ఆయన మొహం తుడిచింది. మొహం చల్లగా ఉంది.

బాబాయి కెమెరామెన్ ఇంటికి వెళ్ళాడు. ఇద్దరూ పాత స్నేహితులు.

"రీలంతా కొలిచి ఇస్తారు బావా. డబ్బాలో వాడని తోకముక్క ఒకటి మిగిలింది" అన్నాడు కెమెరామెన్. "రేపు మధ్యాహ్నం రా. ఎల్లుండి ఆ పెట్టె విరగ్గొట్టేస్తారు. అందులోంచే లేచి నవ్వాలి కదా."

మర్నాడు పిన్ని కూడా వెంట వెళ్ళింది. బంగళా సగం ఊడదీశారు. కాలిన తెరల వాసన. పెట్టె ఒక్కటే ఉన్నచోట ఉంది. బాబాయి అందులో పడుకుని, లేచి కూర్చుని, కెమెరాకేసి చూశాడు. పెదవులు విడలేదు.

"మీ డిటెక్టివు ఆ రోజు గేటు దాకా పరుగెత్తి, వాచ్‌మెనే హంతకుడనుకుని కాళ్ళ మీద పడ్డాడు బావా" అన్నాడు కెమెరామెన్.

బాబాయి నోరు తెరిచాడు. పళ్ళు కనిపించాయి. పుర్రెకు కనిపించినట్టు కనిపించాయి.

"వద్దు బావా. ఇది ఎక్కిస్తే ఇంకా ప్రమాదం."

పిన్నికి ఒళ్ళు మండింది. "లేవండి అవతలికి" అని ఆయన్ను లాగేసి తను ఎక్కింది. "చెక్క, దూది, పట్టుగుడ్డ. దీనికా ఇంత? మన మంచం కంటే మెత్తగా ఉంది. ఇందులో పడుకునొచ్చి నా దగ్గర నడుంనొప్పి అంటారా?" అంటూ వెల్లకిలా పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, అచ్చం ఆయనలాగే కళ్ళు మూసుకుంది.

కెమెరా తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

పెట్టెలో ఎవరైనా కళ్ళు మూసుకుంటే మీట నొక్కడం కెమెరామెన్ చేతికి అలవాటు. ఆయన నొక్కలేదు, చెయ్యి నొక్కింది.

"ఆపు!" అని అరిచాడు బాబాయి. ఆగింది. కెమెరామెన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"రీలు ఇంకెంతుంది?" అన్నాడు బాబాయి.

"ఒక్కరి నవ్వుకే వస్తుంది బావా."

పిన్ని లేచి కూర్చుంది. ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించింది. "నాకీ నమ్మకాలేం లేవు. మీరొచ్చి కూర్చోండి."

"నువ్వు దిగకు" అన్నాడు బాబాయి. ఆయన పిన్నిమీద గొంతు పెంచడం అదే మొదలు. "నువ్వు నమ్మకపోతే అది వదిలేస్తుందా? అక్కడే కూర్చో. నవ్వు."

"మరి మీరు?"

"నవ్వమన్నానా!"

ఎలా నవ్వుతుంది? బాబాయి అటూ ఇటూ చూసి, కెమెరా మీద కప్పే నల్లగుడ్డ భుజాన వేసుకున్నాడు. పెట్టె మీదికి వంగి పిన్ని చెయ్యి పట్టుకున్నాడు.

"చల్లగా ఉంది! చచ్చిపోయాడు!"

వెనక్కి దూకాడు. జీవితమంతా కదలకుండా సంపాదించిన మనిషికి పరుగెత్తడం రాదు. చేతులొకవైపు, కాళ్ళొకవైపు పోతుంటే షెడ్డంతా తిరిగి, నల్లగుడ్డ కాళ్ళకు చుట్టుకుని, "బాబ్బాబు, నన్ను చంపకు నాయనా" అంటూ కెమెరామెన్ పాదాల మీద బోర్లా పడ్డాడు. పిన్ని బిగబట్టింది, ఆగలేకపోయింది. పకపకా నవ్వింది. కెమెరామెన్ మళ్ళీ మీట నొక్కాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే ఉంది. రీలు అయిపోయి దాని కొస కెమెరాలో టపటపా కొట్టుకుంది.

"పూర్తిగా పడిందా?" అని నేల మీంచే అడిగాడు బాబాయి.

"పడింది బావా."

ఇంటికి నడిచి వెళ్ళారు. ఎండ ఇంకా తగ్గలేదు.

"మీరు ముందు నడవండి" అంది పిన్ని.

"ఎందుకే?"

"కనబడుతూ ఉండండి."

కొంతదూరం పోయాక ఆయన నిలబడ్డాడు.

"ఆగకండి!"

"చెప్పులో రాయి పడిందే."

"ఉండనీండి. నడవండి."

ఆ తర్వాత బాబాయి చాలా ఏళ్ళు బతికాడు. వీధిలో ఎప్పుడు చూసినా పిన్ని ఆయనకు ఒక అడుగు వెనకే ఉండేది, చొక్కా వీపు మీద ఊపిరికి కదులుతోందో లేదో చూసుకుంటూ.