ప్రభువు బల్ల దగ్గర నాన్న

ప్రతి నెలా మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే యేసు కడరాత్రి భోజనాన్ని తలుచుకుని రొట్టె తినే ఆరాధన, ఉండేది. కూర్మన్నపాలెంలో రేకుల కప్పు కింద జంపఖానాలు పరుచుకుని కూర్చునేవాళ్ళం, మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. రొట్టె ముక్కల పళ్ళెం చేతులు మారుతూ వచ్చేది. నానమ్మ చనిపోయిన ఏడాది, అది తన దగ్గరికి రాగానే నాన్న తల వంచి, ముక్క తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించేసేవారు. ఆరు నెలలు అలాగే జరిగింది. అలా చేసినప్పుడల్లా ఆడవాళ్ళందరూ నన్నూ అమ్మనూ చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

కారణం ఇంట్లో అందరికీ తెలుసు. నానమ్మ పద్మనాభం ఊళ్ళో పెదనాన్న దగ్గర ఉండేది. జ్వరం ముదిరేదాకా ఆసుపత్రికి తీసుకెళ్ళలేదని, సమాధి దగ్గరే నాన్న ఆయన్ను నిలదీశారు. "అమ్మని నువ్వే సంపేసావు" అన్నారు, అందరి ముందూ. ఆ తర్వాత అన్నదమ్ములకు మాటల్లేవు. మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె తింటే దేవుడి శిక్ష తప్పదని నాన్న భయం. ఉక్కు కర్మాగారంలో కరిగిన ఇనుము పక్కన పదేళ్ళు పనిచేసిన మనిషి గోరంత రొట్టె ముక్కకు వణికిపోయేవారు.

ఆ భయభక్తులు చూసి అమ్మ మురిసిపోయేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. అప్పటికి నాది డిగ్రీ రెండో ఏడు, బాప్తిస్మం తీసుకుని నేనూ ఆ రొట్టె తినడం మొదలుపెట్టి ఏడాది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటుండగా అనేశాను.

"నీకు బల్లంటే భయం గాని దేవుడి మాటంటే కాదు నాన్నా. ముందెళ్ళి అన్నతో సమాధానపడి, తర్వాతే బల్ల దగ్గరికి రమ్మన్నాడు గదా. అది సెయ్యవు. అందరూ సూసేలాగ తల మాత్రం వంచుతావు."

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. నిజం చెప్పాలంటే ఆ మాట నేను దేవుడి కోసం అనలేదు. మా పరువు పోతోందని, ఆయనకు గుచ్చుకోవాలని అన్నాను.

ఆ వారం తన వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే నాన్న స్కూటర్ తీసి నన్నూ ఎక్కమన్నారు. పద్మనాభం చేరేసరికి పెదనాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. నాన్న వాకిట్లోనే నిలబడి, "తప్పుగా అనేసినాను అన్నయ్యా. నన్ను క్షమించు" అన్నారు.

పెదనాన్న చెంబు కింద పెట్టారు. "ఆ మాట నాకు రోజూ ఇనిపిస్తంది రా" అన్నారు. "కూర్సో. అన్నం తిని ఎల్దురుగాని."

క్షమించానని అనలేదు. కానీ తన పక్కనే నాన్నకు కంచం పెట్టించారు.

తర్వాతి నెల మొదటి ఆదివారం, చర్చి బయట చెప్పులు విడుస్తూ నాన్న నన్ను ఆపారు. "ఆ రోజు నువ్వలాగ అన్నావని నీ మీద కోపం పెట్టుకున్నానమ్మా. నువ్వు సెప్పింది నిజమే. నన్ను క్షమించు" అన్నారు.

కూతుర్ని క్షమించమని అడిగిన తండ్రిని నేనెక్కడా చూడలేదు. నాదీ తప్పేనన్న మాట నోటిదాకా వచ్చింది. నా పొగరు దాన్ని బయటికి రానివ్వలేదు. "సర్లే నాన్నా, లోపలికి పద" అన్నాను.

పళ్ళెం ఆయన దగ్గరికి వచ్చింది. ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నారు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

తర్వాత పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. తీసుకోకపోతే అందరూ చూస్తారు. తండ్రిని క్షమించమని అడగలేని ఆ నోటితోనే నేను తినేశాను.