పీల్చిందా, తిన్నదా

నిన్న మధ్యాహ్నం సౌదీలో, జిజాన్‌లోని మా ఆసుపత్రిలో, నర్సుల గదిలో ఎవరో చాక్లెట్ల డబ్బా విప్పారు. నయమై ఇంటికి వెళ్తున్న రోగి తాలూకు వాళ్ళు ఇచ్చి వెళ్ళిన డబ్బా అది. తీపీ చేదూ కలిసిన ఆ వాసన ఏసీ గాలితో నా బల్ల దాకా వచ్చింది. "తీసుకోండి సిస్టర్" అని ఒకమ్మాయి డబ్బా ముందుకు జరిపితే వద్దని తల ఊపాను. చాక్లెట్ అంటే నాకేమీ అయిష్టం లేదు. కాని ఆ వాసన తగిలినప్పుడల్లా అల్ ఖోబర్‌లో ఒక శుక్రవారమూ, డాక్టర్ నూర్జహాన్ గారి గొంతూ గుర్తుకొస్తాయి.

ప్రొద్దుటూరు నుంచి నర్సుగా అల్ ఖోబర్ వెళ్ళిన కొత్తలో ఎమర్జెన్సీ విభాగంలో ఆవిడ కింద పని చేశాను. ఆవిడది కడప. యాభై దాటిన పొట్టి మనిషి. రోగులతో అరబ్బీ, ఉర్దూ ధారాళంగా మాట్లాడేవారు, నాతో మాత్రం "ఏం పాపా, బువ్వ తిన్న్యావా?" అని మా ఊరి తెలుగే. ఎంత రద్దీగా ఉన్నా ఆవిడ పరుగెత్తడం నేను చూడలేదు. అయితే రోగి ఏదో దాస్తున్నాడని అనిపించిందంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళని పంపేసి, తెర లాగి, మంచం పక్కన కూర్చునేవారు. ఆ తెర వెనక ఆవిడతో పాటు నిలబడడమే నా అసలు చదువు.

మొదటిసారి అలా నిలబడింది ఒక డ్రైవరు దగ్గర. నిజామాబాద్ మనిషి. గ్యాస్ నొప్పి అంటూ గుండె పట్టుకుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నాడి పరుగెడుతోంది. "ఏం తీసుకున్నావు నాయనా?" అని ఆవిడ అడిగితే, అతను జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాడు.

"పోలీసులకు చెప్తరా మేడమ్?"

నేనైతే ఆ క్షణంలో ఎవరికీ చెప్పనని అనేసేదాన్ని. ఆవిడ అనలేదు. "చెప్పనని మాట ఇయ్యలేను. ఆసుపత్రికి రూలుండాది. నా చేతిలో ఉండేది నీ ప్రాణమొకటే. దాన్ని మాత్రం వదిలిపెట్టను" అన్నారు. తరువాత ఇంకేమీ మాట్లాడకుండా కూర్చున్నారు. అతను గోడకేసి తిరిగి ఏడుస్తూ చెప్పాడు. "సిగరెట్ల పెట్టిచ్చిండ్రు మేడమ్, హషీష్ అన్నరు. రెండు దమ్ములు గుంజిన. సచ్చిపోతున్ననా?"

"పొగే కదా? ఏమీ తినలేదు కదా? అట్లయితే ఎక్కాల్సిందంతా ఎక్కేసింది, ఇంక దిగేదే. నిదానంగా ఊపిరి పీల్చు" అన్నారావిడ. సాయంత్రానికి అతను తేరుకున్నాడు. ఆ తరువాత అతని కఫీల్, అంటే అతన్ని పనికి రప్పించిన యజమాని, వచ్చాడు. పోలీసులూ వచ్చారు. తల వంచుకుని వాళ్ళ వెంట వెళ్తున్న ఆ మనిషిని చూసి నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. అది కనిపెట్టి కూడా ఆవిడ తనను సమర్థించుకోలేదు. మందుల ట్రాలీ దగ్గర నిలబెట్టి పాఠం చెప్పారు.

"గంజాయి జాతి సరుకు ఏదైనా సరే పాపా, ఏం తీసుకున్నావని అడిగితే చాలదు. ఎట్ల తీసుకున్నావని అడగాల. పీల్చింది నిమిషాల్లో నెత్తికెక్కి, కొన్ని గంటల్లో దిగిపోతాది. తిన్నది అట్ల కాదు. కడుపులోకి పోయి, కాలేయంలో ఇంకా బలంగా మారి, తీరిగ్గా వస్తాది. ఇంకా ఎక్కలేదే అని ఇంకో ముక్క తింటారు. రెండూ కలిసి మీద పడతాయి. నాలుక కింద నూనె చుక్కలు వేసుకునేవాళ్ళూ ఉండారు, అది ఈ రెంటికీ మధ్యలో. పొగ తాగినోడు మన దగ్గరికి వచ్చేసరికి గండం సగం గడిచింటాది. తిన్నోడికి ఇంకా ముందుండచ్చు."

ఆ శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు అయిన కాసేపటికి ఒక తెలుగు జంట మూడేళ్ళ పాపను ఎత్తుకుని పరుగున వచ్చింది. తండ్రి రవికిరణ్ ఇంజనీరు, తల్లి హారిక. విజయవాడ వాళ్ళు. పాప పేరు సాన్వి. పొద్దున ఆడుకుంటూ తూలి పడిందట, తరువాత నిద్రపోయిందట, లేపితే లేవడం లేదట. బల్ల మీద పడుకోబెడితే చేతులు వడలిన తోటకూర కాడల్లా వాలిపోయాయి. జ్వరం లేదు, తలకు దెబ్బ లేదు. రక్తంలో చక్కెర చూశాం, బాగానే ఉంది. ఊపిరి మాత్రం మెల్లమెల్లగా పలచబడుతోంది. మెదడుకు ఇన్‌ఫెక్షనేమోనన్న అనుమానంతో డాక్టర్ గారు స్కానింగుకు చెప్పారు, వెన్నులో సూది పెట్టి నీరు తీయడానికి నన్ను సరంజామా సిద్ధం చేయమన్నారు. మూత్రం పరీక్షకు పంపాం, కాని ఫలితం వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు.

"ఇంట్లో ఏమైనా మింగిందేమో, మాత్రలు, మందులు?" అని అడిగారు.

"ఏమీ లేవండి, అన్నీ పైన పెడతాను" అంది హారిక. రవికిరణ్ నేలకేసి చూస్తున్నాడు. ఏసీ చలిలో కూడా అతని చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. డాక్టర్ గారు పాప రెప్పలెత్తి ఎర్రబడిన కళ్ళు చూసి, అతన్ని ఒకసారి చూసి తెర లాగారు.

"నువ్వు చెప్పబోయేది నేను దాయలేను నాయనా. ముందే చెప్తాండా. కాని నీ బిడ్డ ఊపిరి తగ్గతాంది. ఇది ఇంతటితో ఆగతాదో, ఇంకా లోపలికి పోతాదో నాకు తెలియాల. పొగా? తిండా?"

హారిక అయోమయంగా భర్త వైపు తిరిగింది. "పొగేంటండీ? ఆవిడ ఏం అడుగుతున్నారు?"

అతని పెదాలు కదిలాయి గాని మాట రాలేదు.  డాక్టర్ గారు రెట్టించలేదు. పాప గడ్డం పైకెత్తి పట్టుకుని అలాగే చూస్తున్నారు. 

"చాక్లెట్టండి" అన్నాడు చివరికి. "గంజాయి కలిపింది. బ్యాంకాక్ వెళ్ళొచ్చిన ఫ్రెండ్ ఇచ్చాడు. కాలేజీలో ఉన్నప్పుడు పొగ తాగేవాణ్ణి, మానేశాను. ఇదైతే వాసన రాదు, ఎవరికీ తెలీదన్నాడు. రాత్రి ఒక్క ముక్క తిన్నాను. మిగతాది లాప్‌టాప్ బ్యాగులో పెట్టాను. ఇందాక చూస్తే... కాగితమే ఉందండి."

హారిక చెయ్యి అతని చెంప మీద పడింది. డాక్టర్ గారు అటు చూడనే లేదు. "నువ్వు తిన్నాక ఎంత ముక్క మిగిలింది? బ్యాగు ఎప్పుడు తెరిచి ఉండింది?" అని గబగబా అడిగి తెలుసుకుని, నావైపు తిరిగి, "సూది వద్దు పాపా. తిన్నది. పొద్దున్నే తినింది, ఇంకా ఎక్కతానే ఉంది. గొట్టం, శ్వాస యంత్రం దగ్గర పెట్టుకో. ఐసీయూకి చెప్పు" అన్నారు.

ఆవిడ అన్నట్టే జరిగింది. ఐసీయూకి చేరిన కాసేపటికే సాన్వి ఊపిరి దాదాపు నిలిచిపోయింది. అంతా చేతికి అందేలా ఉంది కాబట్టి క్షణం వృథా కాలేదు. మరునాటికి పాప కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. అప్పటికే రవికిరణ్‌ను పోలీసులు తీసుకెళ్ళారు.

పాపను ఇంటికి పంపే రోజు హారిక డాక్టర్ గారిని నిలదీసినట్టు అడిగింది. "ఆయన చెప్పకపోయుంటే మా పాప బతికేదా మేడమ్?"

"బతికేది కాదమ్మా" అంటే ఆమెకు ఎంత ఊరటో నాకు తెలుసు. భర్త జైలుకు వెళ్ళినందుకు అర్థం దొరికేది. ఆవిడ మాత్రం, "తెలీదమ్మా. బతికేదేమో. చెప్పినాడు కాబట్టి నేను సిద్ధంగా ఉండా. అంతవరకే నాకు తెలుసు" అన్నారు.

"ఆ మాటే ఆయనకు చెప్పండి" అంది హారిక. "చెప్పి తప్పు చేశానా అని ఫోనులో ఏడుస్తున్నారు."

డాక్టర్ గారు జైలుకు వెళ్ళారు. అధికారులకు వాంగ్మూలం ఇచ్చి, ఎవరూ బలవంతపెట్టకుండా తండ్రి తానే చెప్పాడన్నది రాయించి వచ్చారు. దానివల్ల శిక్ష తగ్గిందో లేదో నాకు తెలియదు. కొన్నాళ్ళు జైల్లో ఉంచి అతన్ని దేశం నుంచి పంపించేశారు. అంతకు ముందే తల్లీ బిడ్డా విజయవాడ వెళ్ళిపోయారు. డాక్టర్ గారు కూడా తరువాత ఉద్యోగం మానేసి కడప చేరారు. ఆ డ్రైవరు విషయంలో నాకొచ్చిన కోపం తప్పని ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఆ కోపం నాలో పూర్తిగా పోనూ లేదు.

ఇప్పుడు ఇక్కడ ఆ ప్రశ్న అడగవలసింది నేను. భయంతో బిగుసుకుపోయిన మనుషుల ముందు కూర్చుని, దాయలేనని ముందే చెప్పి, పీల్చిందా తిన్నదా అని అడుగుతాను. అడిగాక ఒక మౌనం వస్తుంది. ఎవరికీ చెప్పనని ఒక్క అబద్ధం ఆడితే ఆ మౌనం తెగిపోతుందని ప్రతిసారీ అనిపిస్తుంది. నోరు మూసుకుని, రోగి ఛాతీ లేచి పడడం చూస్తూ, ఆగుతాను. చాలామంది చెప్పారు. ఒకరిద్దరు చెప్పలేదు. వాళ్ళ ముఖాలు కూడా నాకు గుర్తే.