బ్రదర్‌గారి సలహా

మా ఆయన తన ఉద్యోగం పోయిన సంగతి చర్చి సంఘంలో ఎవరికీ తెలియకూడదని పట్టుబట్టారు. మా అప్పులు అక్కడ మొదలయ్యాయి.

అప్పటికి మేం అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్ వదిలి, ఆ పక్కనే చిన్న ఇల్లు కొనుక్కుని ఎంతోకాలం కాలేదు. ఆయన టెలివిజన్ భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. నేను ఆస్పత్రిలో నర్సుని. ఎనభైల మొదట్లో ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి మనుషుల్ని తీసేస్తుంటే ఆయన్నీ తీసేశారు. నా జీతంతో ఇంటి వాయిదా, కరెంటు, తిండి ఎలాగో గడిచేవి. గడవనిది మర్యాద. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో మన తెలుగువాళ్ళ ఆరాధన జరిగేది. అక్కడ ఎవరింట్లో శుభకార్యమైనా మా చేతి కానుక పెద్దదిగా ఉండాలి, క్రిస్మస్‌కి ఓ ముప్ఫైమంది మా ఇంట్లో బిరియానీ తినాలి. అది ఉద్యోగం ఉన్ననాటి అలవాటు. మానేస్తే అడుగుతారని ఆయన భయం.

ఆ రోజుల్లో క్రెడిట్ కార్డులకి అప్లికేషన్లు పోస్టులో ఊరికే వచ్చిపడేవి. సంతకం పెట్టి పంపితే చాలు. బ్యాంకు కార్డులు, డిపార్ట్‌మెంట్ స్టోర్ల కార్డులు, పెట్రోలు కార్డు, అన్నీ మా ఆయన తీసుకున్నారు. కొన్నాళ్ళకి ఒక కార్డు మీద నగదు తీసి ఇంకో కార్డు వాయిదా కట్టడం మొదలుపెట్టారు. నాకు తెలిసేసరికి వడ్డీలే మా ఇంటి వాయిదాని మించిపోయాయి.

వసూలు చేసేవాళ్ళు ముందు ఇంటికి ఫోన్ చేశారు. తర్వాత ఆస్పత్రికి చేశారు. ఒకరోజు వార్డులో మందులు ఇస్తుంటే హెడ్ నర్సు రిసీవర్ నా చేతికిచ్చి, పక్కనే నిలబడింది. అవతలి మనిషి గొంతు చాలా మర్యాదగా ఉంది. మీ దేశంలో తీసుకున్నది తిరిగివ్వడం అలవాటు లేదా అని అడిగాడు. నేను "థాంక్యూ" అని పెట్టేశాను. ఎందుకు అలా అన్నానో ఇప్పటికీ తెలీదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయనకి ఈ ఫోన్ సంగతి చెప్పాను. చివరికి ఆయనే అన్నారు.

"బ్రదర్‌గారిని అడుగుదాం. ఆయనకి లెక్కలు తెలుసు. మనవాడు."

బ్రదర్‌గారంటే మా సంఘపెద్ద. మా అందరికన్నా ముందొచ్చిన మనిషి. ఇన్సూరెన్స్, ఇన్‌కంటాక్స్ పనులు చేసే సొంత ఆఫీసు ఉండేది. మా అందరి టాక్సులూ ఆయనే వేసేవారు కాబట్టి ఎవరికెంతొస్తుందో ఆయనకి తెలుసు. అయినా నెమ్మదైన మాట, ఎప్పుడూ నవ్వుమొహం. నాకూ ఆయన పేరు వినగానే గుండె బరువు కొంచెం దిగింది.

శనివారం ఉదయం భార్యతో కలిసి వచ్చారు. వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. మా ఆయన దాచకుండా అంతా చెప్పారు. మధ్యలో నాకు ఏడుపొచ్చింది.

"ఏడుపు ఆపండి సిస్టర్. ఏడిస్తే ఇంట్రెస్ట్ తగ్గదు," అని బ్రదర్‌గారు నవ్వారు. "తమ్ముడూ, కార్డులన్నీ ఇక్కడ పెట్టు. ఒక కత్తెర తెప్పించు."

మా పాప అదే బల్ల చివర కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటోంది. దానికి ఎనిమిదేళ్ళు.

"పాపని లోపలికి పంపిస్తాను," అన్నాను.

"ఉండనీయండి. వాళ్ళ డాడీ ఏం చేశాడో దానికీ తెలియాలి కదా."

కార్డులు ఆయన కత్తిరించలేదు. మా ఆయన చేతే కత్తిరింపించారు. ఒక్కొక్కటీ కత్తిరించేముందు దాంతో ఏం కొన్నారో పైకి చెప్పించారు.

"ఇది?"

"వింటర్ కోటండి."

"ఎవరికి?"

"నాకే."

"ఉద్యోగం లేదు, ఇంట్లోనే ఉంటున్నావు. కోటు దేనికి తమ్ముడూ?"

మా ఆయన కార్డు కత్తిరించారు. ముక్కలు బల్ల మీద పడటం పాప చూసింది. రంగు పెన్సిలు కింద పెట్టేసింది.

ఈలోగా ఆయన భార్య లేచి మా ఫ్రిజ్ తలుపు తీశారు. అడగలేదు. "డబ్బా జ్యూస్ కొంటున్నావా అమ్మా? ఫ్రోజెన్‌ది తెచ్చి నీళ్ళు కలుపుకుంటే సగం ఖరీదు," అన్నారు. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి వచ్చి, షాంపూ గురించి చెప్పారు. ఆపైన బెడ్‌రూమ్‌లో అల్మారా తలుపు తీసిన చప్పుడు వినిపించింది. నేను కుర్చీలోంచి కదల్లేదు.

బ్రదర్‌గారి సలహా ఇది. అప్పులవాళ్ళకి మనమే ఫోన్ చేసి నెలనెలా ఇంత కడతామని చెప్పాలి. అన్నిటికన్నా చిన్న అప్పు ముందు తీర్చి, ఆ డబ్బు తర్వాతి దానికి మళ్ళించాలి. రెండో కారు అమ్మాలి. నేను వారానికో అదనపు షిఫ్టు చేయాలి. మా ఆయన దొరికిన పనల్లా చేయాలి. కొత్త బట్టలు, బయట తిండి, ఇండియాకి ఫోన్లు బంద్. సంపాదనలో చర్చికిచ్చే పదోవంతు, దశమభాగం మాత్రం ఆపకూడదు, అది దేవుడి సొమ్ము.

సలహాలో తప్పేమీ లేదు. ఒప్పుకోవాలి. అలా చేసే మేం బయటపడ్డాం.

వెళ్ళేముందు హాల్లో ఆయన చూపు ఎలక్ట్రిక్ ఆర్గన్ మీద పడింది. మంచి రోజుల్లో పాప కోసం వాయిదాల మీద కొన్నాం. పాప దానిమీద క్రిస్మస్ పాటలు నేర్చుకుంది.

"దీనికింకా బాకీ ఉందా?"

"కొంచెం ఉందండి."

"బయట అమ్మితే పాత సామాను ధర కూడా రాదు. నేనే తీసుకుంటాను, మా అమ్మాయి ఎప్పట్నుంచో అడుగుతోంది. ఆ మిగిలిన బాకీ నేను కట్టేస్తా, లెవెల్ అయిపోతుంది."

అంటే మేం అప్పటిదాకా కట్టినదంతా పోయినట్టే. మా ఆయన "సరేనండి, మీ దయ" అన్నారు. మరుసటి వారం ఇద్దరు కుర్రాళ్ళు వ్యాన్ తెచ్చి పట్టుకెళ్ళారు. పాప గుమ్మంలో నిలబడి, "మమ్మీ, అంకుల్‌కి మనం గిఫ్ట్ ఇస్తున్నామా?" అని అడిగింది. అవునన్నాను.

తర్వాతి ఆదివారం ఆరాధన చివర్లో బ్రదర్‌గారు ప్రార్థన చేశారు. "ప్రభువా, మా మధ్యనే ఉన్న ఒక కుటుంబం ఆడంబరానికి పోయి అప్పుల ఊబిలో దిగబడింది. వాళ్ళ గర్వాన్ని విరగ్గొట్టినందుకు స్తోత్రం." పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, అప్పుడు ఆయన చెయ్యి మా ఆయన భుజం మీద ఉంది. చుట్టూ అందరూ "ఆమేన్" అన్నారు. మా ఆయన కూడా అన్నారు.

ఆ రోజునుంచీ మేం అందరికీ బీదవాళ్ళమైపోయాం. ఆరాధన తర్వాత భోజనాలకి ఏం తేవాలని అడిగితే, "నువ్వేం తేకు, కాగితం ప్లేట్లు తెస్తే చాల్లే" అనేవారు. తినగా మిగిలింది డబ్బాలో పెట్టి అందరి ముందూ నా చేతికిచ్చేవారు. ఎవరో మా గుమ్మంలో పాత బట్టల సంచి వదిలి వెళ్ళారు. అందులో పిల్లల స్వెటర్లకి గుండీలు లేవు, మగవాళ్ళ ప్యాంట్లకి జిప్పులు పాడైపోయాయి. మా ఆయనకి ఇంటర్వ్యూ ఉంటే, మిగిలిన ఒక్క కారూ నా డ్యూటీకి కావాలి కాబట్టి, మాకు బాగా దగ్గరైన ఒకావిడని ఒకరోజుకి కారు అడిగాను. ఆవిడ కాసేపు నసిగి చెప్పింది. "ఏమనుకోకు. మీకేమీ ఇవ్వొద్దని బ్రదర్‌గారు అందరికీ ఫోన్ చేశారు. ఇస్తే మీకే మంచిది కాదంట."

ఆ ఇంటర్వ్యూకి మా ఆయన బస్సు, నడక కలిపి వెళ్ళారు. ఆలస్యమైంది. ఉద్యోగం రాలేదు.

శుక్రవారం ప్రార్థన కూటాలు ఒక్కోవారం ఒక్కొక్కరింట్లో జరిగేవి. బ్రదర్‌గారింట్లో జరిగినప్పుడు ఆర్గన్ వాళ్ళ హాల్లో, కిటికీ పక్కన ఉంది. పాప పరుగెత్తి వెళ్ళి మూత తీసింది. "నో నో, అది మా అమ్మాయిది, ముట్టుకోకూడదు," అని బ్రదర్‌గారి భార్య మూత వేసేశారు. మూత కింద పాప వేళ్ళు పడ్డాయి. గట్టిగా తగల్లేదు. పాప ఏడవకుండా వచ్చి నా పక్కన కూర్చుని, ఆ చెయ్యి గౌనులో దాచుకుంది.

ఇంటికి వచ్చాక మా ఆయనతో అన్నాను, ఇక మనం వేరే చర్చికి వెళ్దామని. "వెళ్తే మొహం చాటేశారంటారు," అన్నారు ఆయన.

కొన్నాళ్ళకి బ్రదర్‌గారే మా ఆయనకి ఒక పని చూపించారు. తన ఆఫీసు ఉన్న భవనంలో సాయంత్రాలు శుభ్రం చేసే పని. "ఏ పనీ చిన్నది కాదు తమ్ముడూ," అన్నారు. ఆంధ్రాలో ఇంజినీరింగు చదివి, ఇక్కడ ఎం.ఎస్. చేసిన మనిషి ఆ భవనంలో చెత్తబుట్టలు ఖాళీ చేశారు, మరుగుదొడ్లు కడిగారు. బ్రదర్‌గారు తరచూ ఆఫీసులో ఆలస్యంగా ఉండేవారట. కాఫీ తాగుతూ, బల్ల కింద ఇంకా దుమ్ముందని చూపించేవారట. ఒకసారి ఎవరో తెలుగు క్లయింట్లు కూర్చునుంటే పిలిచి, "వీరు మన ఇంజినీరుగారు" అని పరిచయం చేశారట. మా ఆయన చేతిలో చీపురు ఉంది. వాళ్ళు లేచి నమస్కారం పెట్టారట. ఇది ఆయన నాకు చెప్పలేదు. ఆ క్లయింట్లలో ఒకరి భార్య చెప్పింది, నవ్వుతూ.

అప్పులు ఒక్కొక్కటే తీరాయి. మధ్యలో ఆయనకి ఒక కంపెనీలో టెక్నీషియన్‌గా పని దొరికింది. ఇంజినీరు ఉద్యోగం మళ్ళీ రాలేదు. ఆఖరి చెక్కు పంపిన రోజు నేను పాయసం చేశాను. ఆయన తినలేదు, కడుపు బాగాలేదన్నారు.

ఆ ఆదివారం బ్రదర్‌గారు మమ్మల్ని ముందుకు పిలిచి, జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. మా ఆయన మైకు పట్టుకుని, "బ్రదర్‌గారు లేకపోతే మేం లేము," అన్నారు. అంతా చప్పట్లు కొట్టారు. నేను ఆయన మొహం చూశాను. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నారు. నాకు భయం వేసింది.

తర్వాతి సంవత్సరాల్లో ఆయన మారిన తీరు ఇది. ఫ్రిజ్‌లో ఏముందో రోజూ చూసేవారు. పాప ఫ్రెండ్స్‌తో స్కూలు ట్రిప్పుకి వెళ్తానంటే, ఆ డబ్బు ఎందుకు దండగ కాదో తెలుగులో చెప్పమనేవారు. పాపకి అంత తెలుగు రాదు. తడబడుతుంటే, "చెప్పలేనప్పుడు అవసరం లేనట్టే," అనేవారు. కొన్నాళ్ళకి పాప అడగడం మానేసింది. తండ్రి గదిలోకి వస్తే లేచి వెళ్ళిపోయేది.

బ్రదర్‌గారికి వయసు మీదపడి ఆరోగ్యం తగ్గాక, డబ్బు ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళని మా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. "మన తమ్ముడు అనుభవించి బయటికొచ్చినవాడు," అని. మా ఆయన శనివారాలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేవారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన గొంతులో హుషారు వినేదాన్ని.

ఒక శనివారం కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. గుంటూరు వైపు పిల్లలు. కుర్రాడు చదువుకుంటూ కార్డుల మీద బతికి, పెళ్ళికి వెళ్ళొచ్చే టికెట్లు కూడా అప్పు మీదే కొన్నాడు. ఆ అమ్మాయికి వచ్చాకే తెలిసింది.

"నీ భార్యకి ఏం చెప్పి పెళ్ళి చేసుకున్నావు?" అని అడిగారు మా ఆయన.

కుర్రాడు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు.

"ఇంగ్లీషులో కాదు, తెలుగులో చెప్పు. నాకు కాదు, ఆ అమ్మాయి వైపు తిరిగి చెప్పు. నేను మోసం చేశానని చెప్పు."

"అంకుల్, ప్లీజ్..."

"చెప్పకపోతే వెళ్ళిపో. నీలాంటోళ్ళకి సలహా ఎందుకు?"

కుర్రాడు చెప్పాడు. ఆ అమ్మాయి నీళ్ళకని లేచి సింకు దగ్గరికి వచ్చి, కుళాయి తిప్పి, గ్లాసు పెట్టడం మర్చిపోయి నిలబడింది. మా ఆయన వెనక్కి వాలి కూర్చున్నారు. ఆయన మొహంలో చిరునవ్వు ఉంది. అన్నం తిని తృప్తిపడ్డ మనిషిలా ఉన్నారు.

వాళ్ళు వెళ్తుంటే నేను కారుదాకా వెళ్ళాను. ఆస్పత్రిలో నాతో పనిచేసే ఒకావిడ డబ్బు తీసుకోకుండా సాయపడే ఒక ఆఫీసు గురించి నాకు అంతకుముందే చెప్పింది. అప్పులవాళ్ళతో వాళ్ళే మాట్లాడి వాయిదాలు తగ్గిస్తారు. అది ఎక్కడుందో ఆ అమ్మాయికి చెప్పాను.

"అక్కడ మీరెవరో వాళ్ళకి తెలీదు. అడిగినదానికి జవాబు చెప్పి వచ్చెయ్యండి. ఇక్కడికి మళ్ళీ రావద్దు."

"అంకుల్ ఏమైనా అనుకుంటారేమో ఆంటీ."

"అనుకోనీ."

తర్వాతి శనివారం వాళ్ళు రాలేదు. మా ఆయన ఇస్త్రీ చొక్కాతో మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. ఫోన్ చేయబోతుంటే చెప్పాను.

"వాళ్ళు రారు. నేనే రావద్దన్నాను."

కేకలు వేస్తారనుకున్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

"ఆ రోజుల్లో నాకెవరూ అలా చెప్పలేదు," అన్నారు.

తర్వాత లేచి చొక్కా విప్పి, హాంగరుకి తగిలించి, టీవీ పెట్టుకున్నారు. ఆ రోజునుంచి నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. శనివారాలు మనుషులు వస్తూనే ఉన్నారు. నేను శనివారం షిఫ్టులు అడిగి వేయించుకున్నాను.