కీర్తన పాడేంత సేపు

మా డ్రిల్లు మాస్టారు ప్రభువునందు నిద్రించారని సోమవారం పొద్దున్నే వాట్సాప్‌లో చదివాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. సరైన జవాబు చెప్పకుండానే వెళ్లిపోయారు.

పాలకొల్లు దగ్గర మా ఊళ్లో నాకు పరుగు నేర్పింది ఆయనే. ఆదివారం ఆరాధన అవగానే పొలాల్లోకి తీసుకెళ్లి, పంట బోదెను, అదే చిన్న నీటి కాలవను, ఉన్న బలమంతా పెట్టి అయిదుసార్లు దూకించేవారు. ఆరోది దూకబోతే చెవి మెలేసేవారు.

"కాళ్లను నిద్ర లేపమన్నాను గానీ చంపమన్నానా? కూర్చో. ఒక కీర్తన పూర్తిగా పాడుకుని అప్పుడు పరిగెత్తు."

చరణం మింగేస్తే మళ్లీ మొదటి నుంచి పాడించేవారు. పాట అయ్యాక లేచి పరిగెడితే, అమ్మో, ఇవి నా కాళ్లేనా అనిపించేది. వాళ్లావిడ కట్టిచ్చిన గుడ్డులో సగం నాకే పెట్టేవారు.

స్పోర్ట్స్ హాస్టల్లో ఒకే సీటు. రాజమండ్రిలో పోటీ. గెలిస్తే చదువూ తిండీ వాళ్లవే, ఓడితే అమ్మతో పాటు నాట్లకే. మాస్టారి దగ్గరే నేర్చుకున్న ఆయన అన్నగారమ్మాయి కూడా అదే పరుగులో ఉంది. ఆ రోజు మైదానం పక్క కాలవ దగ్గర ఆయన అయిదుతో ఆపలేదు. "ఇంకా దూకమ్మా, ఇంకా" అంటూ పిలుపు వచ్చేదాకా ఇరవై దూకించారు. మాస్టారి మాటంటే నాకు వేదవాక్కు, దూకాను. పరుగు మొదలెట్టే గీత దగ్గరికి వెళ్తూ చూద్దును కదా, అన్నగారమ్మాయి అప్పుడే మైదానం మెట్ల మీంచి లేస్తోంది. పెదాలు ఇంకా కదులుతున్నాయి. కీర్తన పాడుకుంటోంది!

ఒక్క అడుగు తేడాతో ఆమె గెలిచింది.

తిరుగు బస్సులో అడిగేశాను. "నన్ను కూర్చోనివ్వలేదేంటండీ?"

"కంగారులో మర్చిపోయానమ్మా."

"మీ అన్నగారమ్మాయికి చెప్పడం మర్చిపోలేదు కదండీ!"

ఆయన కిటికీ వైపు తిరిగి గోదావరిని చూస్తూ కూర్చున్నారు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో ఆ వంతెన మీద తెలిసింది.

రెండేళ్లు నాట్లేశాను. తర్వాత పడుతూ లేస్తూ చదువుకుని నేనూ డ్రిల్లు టీచర్నయ్యాను. మా పిల్లలతో అయిదే దూకిస్తాను, పాటంత సేపు కూర్చోబెడతాను. వాళ్లు కప్పులు తెచ్చినప్పుడల్లా అది మాస్టారి చలవే అనుకుంటాను. ఒళ్లూ మండుతుంది. మీరే చెప్పండి, అంత బాగా నేర్పిన మనిషి ఆ ఒక్క రోజు అలా ఎందుకు చేశారు?

సమాధుల తోటలో అన్నగారమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆమె తప్పేముంది, పాపం. పెట్టె దించాక అందరూ మాస్టారు నాతో పాడించే కీర్తనే ఎత్తుకున్నారు. నేను గొంతు కలపలేదు. పక్కనున్న గట్టు మీద కూర్చుని చివరి చరణం దాకా విన్నాను. పాట అయిపోగానే నా కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి, పరిగెత్తడానికి.